జతకు బాడిగ లేదు

హోసూరు దగ్గర మా అత్త ఇంటి పక్కన రెండు గదులుండేవి. మత్తిగిరి పశువుల ఫారానికి పనిమీద వచ్చేవాళ్ళకీ, హోసూరు కంపెనీల్లో వారం పది రోజుల ట్రైనింగుకు వచ్చేవాళ్ళకీ ఆమె వాటిని రోజుల లెక్కన ఇచ్చేది. తొంభైల్లో నేను నెల్లూరు నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికే ఆ పద్ధతి స్థిరపడిపోయింది. అద్దెను అక్కడ బాడిగ అంటారు. గదిలో ఒక్కరున్నా, మొగుడూ పెళ్ళాం ఇద్దరున్నా బాడిగ ఒకటే. జంతువులకు మాత్రం వేరే. ఫారంలో దూడను కొన్నవాళ్ళు మర్నాడు లారీ దొరికేదాకా మా కొట్టంలో కట్టేసుకుంటే గడ్డి బాడిగ. కోడిపిల్లల బుట్ట పెట్టుకుంటే వరండా బాడిగ. కుక్క వస్తే కుక్క బాడిగ.

ఈ కుక్క బాడిగ నేను పెట్టించిందే. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక ఆఫీసరుగారి బొచ్చు కుక్క మా కొత్త పరుపును చీల్చి దూదంతా గది నిండా పరిచింది. ఆ దూది ఏరింది నేను. మూడు రోజులు నా జడలోంచి దూది రాలింది. ఆ కోపంలో నేను అత్తతో చెప్పాను, ఇకమీదట కుక్క గడప దాటకూడదు, కొట్టంలోనే కట్టేయాలి, బాడిగ ముందే చేతిలో పెట్టాలి అని. అత్త సరేనంది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక ఫోన్ వచ్చింది. ఫోన్ తీసినప్పుడు అత్త అరిచే అరుపుకు అసలు ఆ తీగ అవసరమే ఉండేది కాదు.

"పది దినాలా? ఉండప్పా, ఉండు. ఒంటిగా వస్తా ఉండావా?" అని అడిగింది. కాసేపు విని, "రానీలే, జతకు రానీ. అయితే పెండ్లాన్ని అట్ల అదీ ఇదీ అనొద్దప్పా, తప్పు. ఆయమ్మ అనల్ల," అని బుద్ధి చెప్పింది. అతను బదులు చెప్పేలోపు లైను కట్టయింది.

"అంచెట్టి ఊరి పక్క పిల్లోడు," అంది నాతో. "కంపెనీలో పనికి పరీక్ష పెట్టినారంట. 'జతకు అది గూడా వస్తాదమ్మా, అది లేకుంటే నాకు అడుగు పడదు' అంటాడు. పెండ్లాం మీద శానా ప్రేమ ఉండాది, పాపం. మాటే తెలీదు."

జత అంటే అక్కడ తోడు. ఆ మాట నాకు నచ్చింది గానీ, 'అది' వినగానే ఒళ్ళు మండింది. ఈ విషయంలో మన భాష మీదే నాకు కోపం. మగవాడైతే వస్తాడు. ఆడదైనా ఆవైనా వస్తుంది. రానీ, ఆ పెద్దమనిషికి కాఫీలో చక్కెర తగ్గిస్తాను అనుకున్నాను.

అత్త మాత్రం కొత్త జంటకు చేసే మర్యాద అంతా సిద్ధం చేసింది. రెండో దిండు వేయించింది. వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయికి తాంబూలంలో పెట్టడానికి హోసూరు వెళ్ళి ఆకుపచ్చ రవికె గుడ్డ తెచ్చింది.

ఆదివారం పొద్దున అతను షేర్ ఆటో దిగాడు. ముప్పై లోపే ఉంటాడు, తెల్ల చొక్కా, భుజాన సంచీ. చేతిలో పొట్టి వెదురు కర్ర. ఆ కర్ర రెండో కొస ఒక గోధుమరంగు నాటు కుక్క మెడపట్టీకి కట్టి ఉంది. మా వాకిట్లో మురికి కాలువ దగ్గర కుక్క నిలబడింది. అతనూ నిలబడ్డాడు. పాదంతో కాలువ అంచు తడిమి, దాటాడు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, అతనికి చూపు లేదని.

అత్త కుంకుమ భరిణె పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది.

"ఆయమ్మ యాడప్పా?"

"ఏ ఆయమ్మ?"

"నీ పెండ్లాం."

"నాకింకా పెండ్లే కాలేదమ్మా."

"మల్ల జతకు వస్తాదంటివే?"

అతను కర్రను కాస్త ఊపాడు. "ఇదేనమ్మా."

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. అత్త భరిణె మూత పెట్టి, "సరి, లోపలికి రాప్పా," అంది.

కాఫీ తాగుతూ అతను తన సంగతి చెప్పాడు. చిన్నప్పుడు జ్వరంలో కళ్ళు పోయాయి. బెంగుళూరులో చూపులేనివాళ్ళ బడిలో చదివి, కంపెనీల్లో వచ్చే ఫోన్లను కలిపే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు మత్తిగిరి రోడ్డు మీది ఒక కంపెనీ వాళ్ళు పది రోజులు చూస్తామన్నారు. ఎవరూ చేయి పట్టుకుని తీసుకురాకుండా ఎనిమిదికల్లా గేటు దగ్గర ఉండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ఇంకో మనిషిని చూసుకుంటారు. కుక్కకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళ నాన్న ఆవుల వెంట తిరిగేది, పల్లం వచ్చిన చోటల్లా తనంతట తానే ఆగేది. అది గమనించి, కర్ర కట్టి, తనకు తగ్గట్టు మలుచుకున్నది అతనే. హోసూరులో రెండు లాడ్జీల వాళ్ళు కుక్కను చూసి కుదరదన్నారట.

ఇంత విన్నాక కూడా నేను నా చట్టం చదివాను. పరుపు సంగతీ చెప్పాను. అతను వెంటనే కుక్క బాడిగ తీసిచ్చాడు. మూడోచోట కూడా కాదంటే ఎక్కడికి వెళ్తాడు? "కొట్టం దావ ఒకసారి చూపించమ్మా, పొద్దున నేనే తడుముకుంటా పోయి ఇప్పుకుంటాను," అన్నాడు. ఆవు పలుపుతో కుక్కను కట్టింది నేనే. అది నా వంక కాకుండా అతను వెళ్ళిన గోడ వంకే చూసింది.

రెండు రోజులు పెట్టిన అన్నం ముట్టలేదు. పొద్దున్నే అతను గోడ తడుముకుంటూ వెళ్ళి విప్పుకుని బయల్దేరేవాడు. అరగంట నడక. అతను లోపల పనిచేసినంతసేపూ అది గేటు దగ్గర వాచ్‌మన్ నీడలో పడుకునేదట.

మూడోనాడు పొద్దున అతను కొట్టంలోంచి తెగిన పలుపు కొస పట్టుకుని వచ్చాడు. కొరికేసి వెళ్ళిపోయింది.

"టైమెంతమ్మా?" అన్నాడు.

ఏడుంబావు దాటింది. అతని ముఖంలో కోపం ఉన్నా బాగుండేది. ఇలాంటివి ముందే ఎన్నో చూసినవాడిలా ఊరికే నిలబడ్డాడు.

"నేనుండా గదప్పా, పా," అని అత్త అతని చేయి పట్టుకుంది. టిఫిన్ డబ్బా పట్టుకుని నేను వెనకాల నడిచాను.

మా అత్తకు మాట్లాడకుండా నడవడం రాదు. "ఈ చేను మా చిన్నమామది, లేఔటుకు అమ్ముకునేసినాడు," అంటుండగానే అతను గుంతలో కాలు వేశాడు. "ఈడ శానా మంచి బావి ఉండె," అంటుండగా కంకర కుప్ప మీద పడ్డాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి రక్తం వచ్చింది.

"కొంచెం ముందే చెప్పమ్మా," అన్నాడు మెల్లగా.

"చెప్తానే ఉండా గదప్పా," అంది అత్త. అనేసి, తను చెప్తున్నదేమిటో అప్పుడు తెలిసినట్టు నోరు మూసుకుంది. ఆ తర్వాత ఆమె కళ్ళు నేల మీంచి లేవలేదు. రాయి, మెట్ట, గుంత, ఎదురుగా సైకిలు, ఇంతే మాట్లాడింది. అన్నేళ్ళలో ఆమె అంత తక్కువ మాట్లాడటం నేను చూడలేదు. సగం దూరం వెళ్ళేసరికి కొంగుతో చెమట తుడుచుకుంటూ, "ఇట్ల చూసుకుంటా పోవల్లంటే నాకు తల తిరగతా ఉండాదే," అంది నాతో. "అది దినామూ ఎట్ల పోతాదో."

గేటుకు కొంచెం ముందు అతను ఆగాడు. "ఈడ్నుంచి ఒంటిగా పోవల్లమ్మా. చేయి పట్టుకోని వచ్చినట్ల చూస్తే పని ఇయ్యరు."

మధ్యలో రోడ్డుంది. లారీలున్నాయి. ముందు రోజుల్లో ఆ రోడ్డు దాటించింది ఎవరో మా ముగ్గురికీ తెలుసు. అత్త అతని చేయి వదల్లేదు.

అప్పుడు గేటు దగ్గర గోధుమరంగుది లేచింది. వాచ్‌మన్ నీడలోంచి వచ్చి, రోడ్డు అంచున ఆగి, లారీ పోయాక దాటి, అతని చేతి కింద మెడ పెట్టింది. అతను ఎక్కడికి వెళ్ళాలో దానికి తెలుసు. మేము కట్టేసి గడప దాటనివ్వలేదు కాబట్టి ముందే వచ్చి కాచుకుంది. మెడపట్టీకి అతను చంకలో పెట్టుకొచ్చిన వెదురు కర్ర తగిలించాడు. ఇద్దరూ దాటారు. సైరన్ మోగుతుంటే గేటులోకి వెళ్ళాడు.

ఇంటికి వచ్చేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. అత్త వారించలేదు. ఏడవాల్సిన తప్పే చేశావన్నట్టు పక్కనే నడిచింది.

సాయంత్రం అతని అరచేతిలో కుక్క బాడిగ తిరిగి పెట్టింది. అతనికి రోషం వచ్చింది.

"గుడ్డోడని తగ్గిస్తే నేనుండనమ్మా."

"ఎవరు తగ్గించిరి? నీ రూము బాడిగలో పైసా తగ్గదు. మొగుడూ పెండ్లాలు వస్తే ఇద్దరికీ తీసుకుంటానా? రూముకే గదా. నీ జతకు వచ్చింది ఇది. జతకు బాడిగ ఈ ఇంట్లో ఎవరికీ లేదు." ఆగి, నా వంక చూసి చేర్చింది. "పరుపు చించితే మాత్రం దుడ్డు కట్టల్ల. అది ఎవరైనా కట్టల్ల."

అతను నవ్వి డబ్బు జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి అది గదిలోనే, అతని మంచం పక్కనే పడుకుంది. రాగి సంగటిలో మజ్జిగ పోసి నేనే పెట్టాను. మొదట వాసన చూసి నన్ను కాసేపు పరీక్షించింది. తర్వాత తినేసింది. పరుపు జోలికి పోలేదు.

పదో రోజు అతనికి ఉద్యోగం ఖాయమైంది. హోసూరులో గది చూసుకుని వెళ్తున్న రోజున అత్త తాంబూలం పళ్ళెం తెచ్చింది. కుక్క నుదుట కుంకుమ పెట్టి, ఆకుపచ్చ రవికె గుడ్డ అతని చేతికిచ్చింది. "దానికని తెచ్చినాను, దానికే ఇస్తా ఉండా." అతను గుడ్డను తడిమి, మడిచి, కర్ర కొసకు చుట్టాడు. వెదురు అరచేతిని కోస్తోందట ఇన్నాళ్ళూ.

తర్వాత మా ఇంట్లో కుక్క బాడిగ ఉంది గానీ, దానికో పరీక్ష వచ్చింది. ఆ బెంగుళూరు ఆఫీసరు మళ్ళీ వచ్చి, ఎవరి దగ్గర విన్నాడో, "మాదీ జతేనమ్మా," అన్నాడు. "అది నిన్ను కాలువ కాడ నిలబెడతాదా సార్?" అని అడిగింది అత్త. ఆయన నవ్వుతూ బాడిగ కట్టాడు.

కంపెనీ ఫోన్ బోర్డు నుంచి అతను అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. అత్త మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అది ఎట్లుండాది?" రెండేళ్ళకు పెళ్ళయింది. భార్య గురించి చెప్పేటప్పుడు మాత్రం 'ఆయమ్మ' అనేవాడు. అత్త ఫోనులో చెప్పిన బుద్ధి మరిచిపోలేదన్నమాట. 'అది' అంటే మా మూడు ప్రాణాలకూ ఒక్కటే అర్థం.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక గురువారం మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి అత్త పెరట్లో తడి జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. శుక్రవారం తప్ప ఆమె తలకు పోసుకోదు. చావు కబురు వింటే తప్ప.

"ఎవరు పోయారత్తయ్యా?" అన్నాను గాబరాగా.

"ఫోన్ వచ్చింది," అంది. "అది పోయిందంట."

నేను సంచీ అక్కడే పెట్టి, బావి దగ్గరికి వెళ్ళి తలకు నీళ్ళు పోసుకున్నాను.