దొరగారి అయిదు వేలు

మా నాన్న ఏడాది కష్టాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో, అదీ మంచి మాటలే మాట్లాడి, గాలికి వదిలేసిన వైనం చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ కనిపించదని ముందే మనవి చేసుకుంటున్నాను. మీకు జాలి కలిగితే దాచుకోండి, నవ్వొస్తే మాత్రం ఆపుకోవద్దు. మా ఇంట్లో వాళ్ళు ఇన్నేళ్ళుగా ఆపుకోలేదు.

అరవైల మొదట్లో నేను బెజవాడలో బి.ఏ. చదువుతుండేవాణ్ణి. చదువు సంగతి ఎలా ఉన్నా, నా ఇంగ్లీషు మీద నాకు అపారమైన గౌరవం. విదేశీ విద్యార్థులు వేసవిలో మన ఇళ్ళల్లో ఉండి మన బతుకు చూసి వెళ్ళే ఏర్పాటు ఏదో జరుగుతోందని, ఎవరింట్లోనైనా చోటుందా అని మా లెక్చరర్ అడిగాడు. ఆయన వాక్యం పూర్తయ్యేలోపే నా చెయ్యి పైకి లేచింది. ఇంట్లో అడగాలి కదా అన్న ఆలోచన చెయ్యి దించాక వచ్చింది.

అలా డెన్మార్కు నుంచి ఎరిక్ అనే కుర్రాడు నూజివీడు దగ్గర మా మామిడి తోటలోకి వచ్చి పడ్డాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. మా ఇంటి గుమ్మాలన్నిటికీ తలతో నమస్కారం పెట్టాడు. నాయనమ్మకి అతని పేరుతోనే పేచీ వచ్చింది.

"ఏం పేరన్నావురా?"

"ఎరిక్, నాయనమ్మా."

"ఎర్రికా? ఇంటికొచ్చిన పిల్లాణ్ణి పట్టుకుని ఎర్రి అంటే కళ్ళు పోతాయి. ఎర్రబ్బాయి అంటాలే. ఎండకి ఎలాగూ ఎర్రగానే ఉన్నాడు."

ఎర్రబ్బాయికి రెండే కోరికలు. ఒకటి మామిడిపళ్ళు తినడం, రెండు తెలుగు నేర్చుకోవడం. మొదటిది మా అమ్మ చూసుకుంది. రెండోది నేను చూసుకున్నాను. కొంప మునిగింది అక్కడే.

పాఠం ముఖం నుంచి మొదలుపెట్టాను. ముక్కు పట్టుకుని ముక్కు, చెవి పట్టుకుని చెవి, ఆ పైన కన్ను, నోరు, చెయ్యి, వేలు. అతను బుద్ధిగా అప్పజెప్పేవాడు. ఒకటైతే ఒక మాట, రెండైతే ఇంకో మాట అన్న మెలిక మన భాషలో ఉందని అతనికి చెప్పాలని నాకు తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మాట్లాడేవాడికి అది మెలికలా కనిపించదు కదండీ. అతను మాత్రం "రెండు చెవి, రెండు కన్ను" అని వల్లె వేసుకుంటూ తోటంతా తిరిగేవాడు. మా చెల్లెలు పడీపడీ నవ్వేది.

"చెవులు అని చెప్పరాదా అన్నయ్యా?"

"మొదట్లో అలాగే ఉంటుంది. పాఠం చెప్పడం గురించి నీకేం తెలుసు?" అని కసిరాను. ఆ పిల్ల మాట అప్పుడు విని ఉంటే ఈ రోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆ ఏడు తోట విరగకాసింది. మా వైపు వర్తకులు చెట్టు మీద కాయ చూసి తోట మొత్తాన్ని ఒకే బేరంగా కొంటారు. బేరం తెగేదాకా నాన్నకి నిద్ర ఉండదు. వేసవిలో ఏ సాయంత్రం గాలిదుమారం లేస్తుందో తెలియదు. చాట్రాయి వైపు ఒక్క గాలికి కాయంతా నేల రాలిందని అప్పటికే కబురొచ్చింది. అమ్మాక రాలితే వర్తకుడి ఖర్మ, అమ్మకముందు రాలితే మా ఖర్మ. ఆ ఏడాది మా ఇంటి తిండీ, నా చదువూ ఆ కొమ్మలకే వేలాడుతున్నాయి.

అలాంటి సమయంలో నూజివీడు నుంచి శేషయ్యగారు వచ్చారు. ఏటా మా తోట కొనే వర్తకుడు ఆయనే. ఆయన వెనకే హనుమాన్ జంక్షన్ నుంచి మరో ఇద్దరు వర్తకులు కూడా వచ్చి మంచాల మీద కూర్చున్నారు. మామిడి బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తుండుగుడ్డ కప్పుకుంటారు. దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. వేలికి వెయ్యి లెక్క. పక్కవాళ్ళకి గుట్టు తెలియకూడదని ఈ ఏర్పాటు. పైకి మాత్రం ఇద్దరూ ఎవరింట్లోనో పెళ్ళి భోజనం గురించి ఆలోచిస్తున్నట్టు ఉంటారు.

ఎరిక్ కళ్ళార్పకుండా ఆ తుండుగుడ్డనే చూస్తూ, కింద ఏం జరుగుతోందని ఇంగ్లీషులో అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ లెక్కలు అప్పటికి నాకూ సరిగ్గా తెలియవు. తెలియదంటే నా పరువేం కావాలి? "ఏముంది, వేలు పట్టుకుంటారు" అన్నాను. తనకి తెలిసిన మాట వినపడేసరికి అతని మొహం వెలిగిపోయింది.

బేరం మధ్యలో ఆపి నాన్న మజ్జిగ తేవడానికి పాక వైపు వెళ్ళాడు. శేషయ్యగారు తుండుతో మెడ తుడుచుకుంటూ, అతిథిని పలకరించకపోతే బాగుండదనుకున్నారేమో, "ఏం దొరగారూ, మా బేరం చూస్తున్నారా?" అన్నారు.

ఎరిక్ లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి చాపి, అరచెయ్యి విప్పి, ఒక్కొక్క అక్షరం ఒత్తి పలుకుతూ అన్నాడు.

"అయిదు వేలు."

జంక్షన్ వర్తకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం నా శిష్యుడి ఉచ్చారణకి మురిసిపోతూ నిలబడ్డాను. శేషయ్యగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఈయన కాయ కోసమే వచ్చారా బాబూ?"

"అవునండీ. వాళ్ళ దేశంలో మామిడి చెట్టే లేదంట."

"మరి ఎంత కావాలంటున్నారు?"

"ఎంతైనా చాలదండీ ఆయనకి. తోటంతా ఇచ్చినా కాదనడు."

"ఓడలో పట్టుకెళ్తారా?"

"పట్టనిస్తే ఓడ నిండా పట్టుకెళ్తాడండీ."

నేను అతని తిండి గురించి మాట్లాడుతున్నాను. ఆయన ఎగుమతి గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరం మర్యాదగానే మాట్లాడుకున్నాం.

శేషయ్యగారు తుండు దులిపి భుజాన వేసుకున్నారు. "పై దేశం వాళ్ళు అయిదిస్తుంటే మేమెక్కడ తూగుతాం బాబూ. ఆ ముక్క ముందే చెబితే ఇంత ఎండలో వచ్చేవాళ్ళం కాదని మీ నాన్నగారితో చెప్పు."

ముగ్గురూ బండెక్కారు. "మజ్జిగ తాగి వెళ్ళండి" అని నేను చాలా గౌరవంగా సాగనంపాను కూడా.

నాన్న మజ్జిగ చెంబుతో వచ్చాడు.

"వర్తకులేరిరా?"

"వెళ్ళిపోయారు నాన్నా. ఎరిక్ తెలుగు విన్నారు."

"ఏమన్నాడేంటి?"

తననే అడుగుతున్నారని గ్రహించి ఎరిక్ మళ్ళీ లేచి, మళ్ళీ అరచెయ్యి విప్పి, ముందటికంటే స్పష్టంగా "అయిదు వేలు" అన్నాడు.

నాన్న ఖాళీ మంచం మీద కూలబడి ముగ్గురి మజ్జిగా ఒక్కడే తాగేశాడు. తర్వాత నేను చెప్పిన జవాబులన్నీ వరసగా అడిగి తెలుసుకున్నాడు. ఓడ దగ్గరికి వచ్చేసరికి చెంబు కింద పెట్టి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నాకు ఏడుపొచ్చింది. అప్పటికే పడమర దిక్కున మబ్బు కమ్ముకుంటోంది.

"బండి కట్టు" అన్నాడు నాన్న. "ఆ అబ్బాయిని కూడా ఎక్కించు. నువ్వు మాత్రం దార్లో నోరు విప్పావంటే దింపేస్తాను."

నూజివీడులో కొట్టు ముందు బండి దిగేసరికి శేషయ్యగారు మొహం ముడుచుకునే ఉన్నారు.

"ఆయన వర్తకుడు కాదు శేషయ్యగారూ, చదువుకునే కుర్రాడు. చేతికున్న వేళ్ళు లెక్కపెట్టాడంతే."

"వేళ్ళయితే వేళ్ళు అనాలి గదండీ. వేలు అన్నాడు. నా చెవుల్తో విన్నాను."

నాన్న నా వైపు తిరిగాడు. "చెప్పు. ఇప్పుడు నోరు విప్పు."

"నేను ఒక్క వేలే నేర్పానండీ" అన్నాను.

శేషయ్యగారు నమ్మలేదు. ఎరిక్‌ని ముందుకు రమ్మని తన చెవులు రెండూ పట్టుకుని చూపించారు. "ఇవేంటి?"

"రెండు చెవి."

"ఇవి?"

"రెండు కన్ను."

శేషయ్యగారి పొట్ట కదలడం మొదలైంది. మూడు వేళ్ళు చూపించారు. "మరి ఇవి?"

"మూడు వేలు."

"చూశారా, మీ దొరగారే చెబుతున్నారు మూడు వేలని. నేను మొదట్నుంచీ అంటున్నది అదే."

నాన్న ఊరుకుంటాడా, గబుక్కున నాలుగు వేళ్ళు ఎత్తి ఎరిక్ ముక్కు దగ్గర పెట్టాడు. "ఇవెన్ని నాయనా?"

"నాలుగు వేలు."

"విన్నారుగా" అన్నాడు నాన్న.

ఇక శేషయ్యగారు ఆగలేక గల్లాపెట్టె మీద వాలిపోయి నవ్వారు. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పరీక్ష పాసయ్యానని ఎరిక్ కూడా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్న తుండునే శేషయ్యగారు చేతి మీద కప్పి నాన్న వైపు చాపారు. కింద ఏ వేలు ఏ వేలిని పట్టుకుందో, ఎంతకి తెగిందో నాకు ఈనాటికీ తెలియదు. నాన్న గట్టిగా ఊపిరి వదలడం మాత్రం విన్నాను. బయట గాలి లేచి దుమ్ము కొట్టుకొస్తోంది. ఆ క్షణం నుంచి ఆ గాలి మాది కాదు, శేషయ్యగారిది.

బేరం తెగాక కొసరు అడగడం వర్తకుల హక్కు. "మరి కొసరేమిస్తారు వెంకట్రామయ్యగారూ?" అన్నారు శేషయ్యగారు.

నాన్న నన్ను భుజం పట్టుకుని ముందుకు తోశాడు. "వీణ్ణి తీసుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చు."

శేషయ్యగారు నన్ను పైనుంచి కిందికి చూశారు. పచ్చికాయలో పురుగుందేమోనని చూసే చూపు అది.

"వద్దులెండి. కావాలంటే ధర మీద ఇంకో వంద నేనే ఎక్కువిస్తాను. వీణ్ణి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి."

నాన్న ఆ వందా పుచ్చుకున్నాడు.

ఆ రోజే, ఆ కొట్లోనే, అందరి నవ్వుల మధ్య నేనొక ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరికీ ఏ మాటా ఏకవచనంలో నేర్పను. ఎవరైనా అడిగితే చెవులు, కళ్ళు, వేళ్ళు, ముక్కులు అనే చెబుతాను. ముక్కు ఒక్కటే కదండీ అంటే, తెలుసు బాబూ, ముందు జాగ్రత్త అంటాను.