ఎడమ దిక్కు డబ్బా

జగిత్యాలలో కొత్తగా తెరిచిన ఆ దుకాణంలోకి చెప్పులు బయట విడిచి వెళ్లాలి. నున్నటి బండల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాను. దుకాణంలో పనిచేసే యువకుడు ఏదో మీట నొక్కాడు. నా నడుము ఎత్తున్న రెండు స్పీకర్లలోంచి పాట మొదలైంది. చెవులకంటే ముందు నా అరికాళ్లకు తెలిసింది. తబలా మీద పడిన ప్రతి దెబ్బా బండలోంచి పాకి మడమల దాకా వచ్చింది. వంగి, ఎడమ వైపు స్పీకరు నెత్తిన అరచేయి ఆనించాను. అతను నన్ను వింతగా చూశాడు. "మేడం, పెద్ద డబ్బాలు ఇప్పుడు ఎవరు కొంటున్నరు? గీ చిన్నది టీవీ కింద పెట్టుకుంటే అయిపాయె," అన్నాడు. నా పింఛనుకు అందే ధరలో నేల మీద నిలబడేవే చూపించమన్నాను. ఈమధ్య నా చెవులు మందగిస్తున్నాయి. పూర్తిగా పోకముందే మంచి పాటలు నాలుగు కడుపునిండా వినాలని నా ఆశ. స్పీకర్లను చేత్తో తడిమి కొనే ఆడమనిషిని అతను ఎప్పుడూ చూసి ఉండడు. నేను చూశాను. చాలా ఏళ్ల కిందట, కోరుట్లలో. ఆమె పేరు కనకవ్వ.

కోరుట్లలో పుట్టి పెరిగిన నేను టీచరుగా మొదటి ఉద్యోగానికి సిరిసిల్ల వెళ్లాను. అవి అన్నల కాలం. అడవుల్లో తుపాకులు పట్టినవాళ్లను మా దిక్కు అందరూ అన్నలనే అనేవారు, తిట్టేవాళ్లు కూడా. అన్నలకు అన్నం పెట్టారని పోలీసులు, పోలీసులకు కబురు చెప్పారని అన్నలు, ఎవరు ఎప్పుడు తలుపు తడతారో తెలియదు. దాంతో ఊరంతా గుసగుసల మీద బతికేది. హోటలు ముందు ఇద్దరు నిలబడి మాట్లాడుకున్నా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. చెరో దిక్కు చూస్తూ, పెదవులు కదిలీ కదలకుండా ముచ్చట ముగించేవారు. అలాంటి ఊళ్లో గుసగుసలాడటం బొత్తిగా చేతకాని మనిషి ఇంట్లో నాకు అద్దె గది దొరికింది.

కనకవ్వకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. ముందు గదిలో రెండు సాంచాలు ఉండేవి. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలనే అంటారు. భర్త రాజేశం దుబాయి పోయినప్పటి నుంచి వాటిని ఆమే నడిపేది. పుట్టింట్లో అదే చప్పుడు, అత్తింట్లో అదే చప్పుడు. ఆ చప్పుడు ఆమె చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మొదటిరోజు మాత్రం నేను తలొంచుకుని, స్నానానికి నీళ్లు ఎక్కడ తోడుకోవాలో మర్యాదగా అడుగుతుంటే ఆమె నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఎవ్వలికి చెప్తున్నవ్ బిడ్డా? నాకా, నేలకా? మొఖం ఇటు జెయ్యి," అంది, వీధి చివరిదాకా వినిపించేటట్టు.

నాకు ఒళ్లు మండింది. ఇదేం మనిషిరా బాబూ, గది మారిపోదామా అనుకున్నాను. రెండు రోజులు పోయాక సంగతి అర్థమైంది. సాంచాలు నడుస్తుంటే ఎంత అరిచినా లాభం లేదు. అక్కడి మనుషులు ఎదురెదురుగా నిలబడి, పెదవుల కదలికను బట్టి మాట్లాడుకుంటారు. కనకవ్వ తన గడపలో నిలబడి సందుకు అవతల ఉన్నామెతో చప్పుడు లేకుండా అరగంట పోట్లాడి, చప్పుడు లేకుండానే రాజీ పడటం నేను కళ్లారా చూశాను.

ఒకరోజు నేను తాళంచెవి మరిచిపోతే ఇవ్వడానికి బడికి వచ్చింది. నేను బోర్డు మీద లెక్క రాస్తూ, బోర్డుకే పాఠం చెబుతున్నాను. ఆమె కిటికీ దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోయింది. సాయంత్రం నేను చాయ్ తాగుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. "పంతులమ్మా, పోరగాండ్లకు నీ ఈపు చెప్తుంది పాఠం. ఎనుక కూసున్నోల్లంత సాంచాల కాడ పెరిగిన పిల్లలు. ఆళ్లకు నీ మొఖం గావాలె," అంది. బి.ఇడి. చదివిన నాకు పాఠం చెప్పడం నేర్పుతోందేమిటని సణుక్కున్నాను. అయినా మర్నాడు ముందు రాసేసి, సుద్ద పక్కన పెట్టి, పిల్లల వైపు తిరిగి చెప్పాను. వెనక బెంచీలో రోజూ తూగే పిల్లలు ఆ రోజు తూగలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట ఆమెతో చెప్పలేదు. చెబితే ఇంకా నెత్తికెక్కుతుందని.

రాజేశానికి రాయడం రాదు, కనకవ్వకు చదవడం రాదు. అందుకని అతను తన మాటల్ని క్యాసెట్టులో నింపి, సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. అప్పట్లో దుబాయి పోయిన చాలామంది ఉత్తరాలు అలాగే వచ్చేవి. ఇంట్లో ఒక చిన్న టేపురికార్డరు ఉండేది. కనకవ్వ దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని చెంపకు ఆనించుకునేది. గొంతు పెంచితే గరగరమనేది, తగ్గిస్తే ఆమెకు వినపడేది కాదు. చివరికి నా ముందు పెట్టేది. "నువ్విని చెప్పు బిడ్డా."

నేను విని, ఆమె వైపు తిరిగి, ఒక్కొక్క మాటే పెదవులతో అందించేదాన్ని. పెళ్లికాని పిల్లను. కొన్ని మాటల దగ్గర సిగ్గుతో ఆగిపోయేదాన్ని. "చెప్పు చెప్పు, మొగడు నా మొగడే గదా, నీకేంది సిగ్గు," అని పకపకా నవ్వేది. ఒక రోజు మాత్రం నవ్వలేదు. సగంలో నా చేయి పట్టుకుని ఆపింది.

"మాటలు సమజయితున్నయి. కనీ నీ నోట్లకెల్లి అస్తున్నయి. నాకు గాయన గొంతు గావాలె. చెవులు దినాం ఇంత పోతున్నయి పంతులమ్మా. గాయన అచ్చేదాంక ఉంటయో ఉండయో."

ఆమె కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. పెద్ద డబ్బాలైతే వినపడతాయేమోనని నేనే అన్నాను. కోరుట్లలో దుబాయి నుంచి వచ్చినవాళ్లు అమ్ముకున్న సామాను దొరికే దుకాణం నాకు తెలుసు.

సెలవు రోజున వేములవాడ, కథలాపూర్ మీదుగా బస్సులో వెళ్లాం. దుకాణం భాయ్ బల్ల మీద పెట్టుకునే చిన్న స్పీకర్లు చూపించాడు. కనకవ్వ వాటి వైపు చూడనైనా లేదు. మూలన నేల మీద నిలబెట్టిన రెండు పొడుగు డబ్బాల దగ్గరికి పోయి, చెప్పులు విడిచి, "పెట్టు," అంది. అతను పాట పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. తర్వాత డబ్బా మీద అరచేయి పెట్టింది. ఆమె మొహం వెలగడం నేను, భాయ్ ఇద్దరం చూశాం. బేరమాడేటప్పుడు మొహం అలా వెలిగితే ధర తగ్గుతుందా? నేను మోచేత్తో పొడిచాను. ఆమె వెంటనే తేరుకుని డబ్బాల ముందు చిరిగిన గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి చూపించింది.

"గిదేంది భాయ్, పీలికలు పీలికలైంది? గీ బట్ట కతలు నాకు చెప్పకు, నేను సిరిసిల్లదాన్ని."

ఆ చిరుగు పేరు చెప్పి ధర తగ్గించే దాకా అక్కడి నుంచి కదల్లేదు. క్యాసెట్లు పెట్టి వినే డెక్కు కూడా కలిపి ఇప్పించుకుంది. ఇంటికొచ్చాక సాంచె మీది పలుచటి తెల్లగుడ్డ కోసి, డబ్బాలకు తనే బిగించింది. కొత్త అంగీలు తొడిగిన అన్నదమ్ముల్లా ఉన్నాయవి.

ఇంత చేశాక గానీ మా తెలివి మాకు తెలియలేదు. కరెంటు ఉన్నంతసేపూ సందులోని సాంచాలన్నీ దడదడలాడుతూనే ఉంటాయి. మా ఇంట్లోవి ఆపినా పక్కింటివి ఆగవు. కరెంటు పోతే సాంచాలన్నీ ఆగిపోతాయి, మా డబ్బాలు కూడా మూగబోతాయి. ఆ చప్పుడులో డబ్బాల మీద చేయి పెడితే అందేది రాజేశమో, పక్కింటి సాంచెనో తెలిసేది కాదు. కరెంటు ఉండి సాంచాలు నడవని రోజు కావాలి. అలాంటి రోజు ఎక్కడుంటుందని నేను దిగులుపడుతుంటే, ఒక సాయంత్రం కనకవ్వ పెళ్లికి పిలిచినట్టుగా వచ్చి చెప్పింది.

"పంతులమ్మా, రేపు బందట! అన్నలు బందు పెట్టిన్రట. ఒక్క సాంచె నడ్వది. రేపు ఇందాం."

ఊరంతా బిక్కుబిక్కుమంటుంటే ఆమె ఒక్కతే సంబరంగా ఉంది. "మెల్లగ అనక్కా," అని నేను చుట్టూ చూశాను. మెల్లగా అనడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

మర్నాడు పొద్దున సిరిసిల్ల నేనెన్నడూ ఎరగనంత నిశ్శబ్దంగా ఉంది. దుకాణాలు మూసేశారు. సందులో కోడి నడిచినా వినిపిస్తోంది. కనకవ్వ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని రెండు డబ్బాల మధ్య కూర్చుంది. నేను క్యాసెట్టు పెట్టాను. రాజేశం గొంతు గది నిండా వచ్చింది. ఆమె ఒక్కసారి వణికింది. కాసేపటికి ఆమె మొహం మాడిపోయింది.

"పోయింది బిడ్డా. కుడిచెవు మొత్తమే పోయింది. గా దిక్కు ఏం లేదు."

నేను లేచి రెండు డబ్బాల మీదా చేతులు పెట్టి చూశాను. కుడి వైపుది చల్లగా, కదలకుండా ఉంది. ఒక పాటల క్యాసెట్టు మార్చి పెడితే రెండూ మోగాయి. దుబాయిలో అతను ఏ యంత్రంలో మాట్లాడాడో గానీ, ఆ గొంతు ఒకవైపే పడింది. ఆమె చేయి తీసుకుని కుడి డబ్బా మీద పెట్టి, "చెవి పోలేదక్కా. ఆయనే ఈ దిక్కు లేడు," అన్నాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, తర్వాత నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది.

"గాయన ఎప్పుడు నా ఎడమదిక్కే పండుకుంటడు," అంది. పీట జరుపుకుని ఎడమ డబ్బా పక్కన చేరింది.

మళ్లీ రాజేశం క్యాసెట్టు పెట్టాను. మా ధ్యాసలో మేముండగా గడపలో బూట్ల చప్పుడైంది. బందు రోజు గస్తీ తిరుగుతున్న పోలీసులు. ఒక జమేదారు, అంటే హెడ్ కానిస్టేబులు, వెనక తుపాకులతో ఇద్దరు. నిశ్శబ్దంగా ఉన్న సందులో మగగొంతు డబ్బాలోంచి మోగుతుంటే అన్నల ఉపన్యాసం అనుకున్నారు. "బంద్ చెయ్! ఎవనిది గీ గొంతు?" అని జమేదారు అరిచాడు. కనకవ్వ వాళ్లకు వీపు పెట్టి, చేయి డబ్బా మీద ఉంచి కళ్లు మూసుకుని ఉంది. అతను మళ్లీ అరిచాడు. నేను ఆమె భుజం తట్టాను. ఆమె తిరిగి చూసేసరికి అతను నన్ను చూస్తూ ఏదో అడుగుతున్నాడు.

"మొఖం ఇటు జేసి చెప్పుండ్రి సారూ. నాకు ఇనవడది," అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆ రోజుల్లో పోలీసులతో అలా మాట్లాడినవాళ్లు మా ఎరుకలో లేరు. దుబాయిలో ఉన్న భర్త గొంతని నేను తడబడుతూ చెప్పాను. "అందరు గిట్లనే చెప్తరు. మొదటికెల్లి పెట్టు," అన్నాడు జమేదారు. పెట్టాను. ముగ్గురు పోలీసులూ నిలబడి విన్నారు.

"కనకా, మంచిగున్నవా? నువ్వు పంపిన మామిడికాయ తొక్కు ఒడిసింది. సీసా కడుగుతలేను, వాసన పోతదని. గీడ సాంచాల సప్పుడు లేదు, నాకు నిద్ర వడ్తలేదు. కండ్లు మూస్తే నువ్వే..." ఆ తర్వాతివి నేను సిగ్గుపడి ఆగిపోయే మాటలు. వెనక ఉన్న పడుచు పోలీసు పెదవి కొరుక్కున్నాడు. జమేదారు దగ్గి, గోడ వైపు చూశాడు. "సాలు, సాలు. బంద్ చెయ్యమ్మా," అన్నాడు. అని, డెక్కులోంచి క్యాసెట్టు తీసి జేబులో వేసుకోబోయాడు. "స్టేషన్ల సార్ ఇంటడు. తర్వాత చూద్దాం."

స్టేషనుకు పోయిన వస్తువు తిరిగి రాదని అందరికీ తెలుసు. కనకవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"సార్ ఇంటే మాటలు ఇంటడు. గవి మీరు ఇన్నరు గదా, పోయి చెప్పుండ్రి. గొంతు నాది. చెవులు పోతున్నయి సారూ నాయి. గాయన అచ్చేదాంక నేను గీ గొంతు పట్టుకొనుండాలె. కావాల్నంటే డబ్బాలు కొంచవోండ్రి. గా క్యాసెట్టు ఇచ్చి పోండ్రి."

జమేదారు క్యాసెట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆమె వైపు పూర్తిగా తిరిగి, ఒక్కొక్క మాటే నిదానంగా, పెదవులు తెలిసేటట్టు చెప్పాడు. "తలుపు దగ్గరికి ఏసుకో. సప్పుడు తక్కువ పెట్టుకో." క్యాసెట్టు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె మాత్రం తలుపు వేసి వచ్చి, "ఎక్కడ ఆపినం?" అని అడిగింది.

ఆ తర్వాత ప్రతి బందుకూ మా ఇంట్లో తలుపులు మూసుకుని రాజేశం మాట్లాడేవాడు. రానురాను ఆమెకు వినపడటం తగ్గింది. చివరికి ఆమె డబ్బాకు చెవి పెట్టడం మానేసి అరచేయి మాత్రమే పెట్టేది. నాకు పెళ్లై, జగిత్యాలకు బదిలీ అయింది. రాజేశం తిరిగొచ్చాడని తెలిసి చూడటానికి వెళ్లాను. అప్పటికి కనకవ్వకు బొత్తిగా వినపడదు. అతను మంచం మీద కూర్చుని, భార్యకు వినిపించాలని పాపం గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"లొల్లి జెయ్యకు. మెల్లగ మాట్లాడు," అంది ఆమె. అతని వెనక చేరి, వీపు మీద, ఎడమ వైపున అరచేయి ఆనించింది. అతను మెల్లగా ఏదో మొదలుపెట్టాడు. వాన గురించో, బస్సు గురించో. ఆమె కళ్లు మూసుకుంది. కొంతసేపటికి నా వైపు తిరిగింది.

"గదే పంతులమ్మా. డబ్బాల ఉన్నోడే అచ్చిండు."

అంత సంతోషంలో ఉన్న మనిషి ముందు ఏడవకూడదని నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు ముంచుకుని తాగాను.

కనకవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను పిల్లలకు వీపు చూపించి పాఠం చెప్పలేదు. నా మీద కోపం వచ్చినవాళ్లతోనూ, నాకు కోపం వచ్చినవాళ్లతోనూ ఎదురుగా కూర్చునే మాట్లాడాను. దానివల్ల కొందరు దూరమయ్యారు, ఎక్కువమంది దగ్గరయ్యారు. ఎవరితోనైనా పక్కకు తిరిగి మాట్లాడబోతే నా గడ్డం కింద ఇప్పటికీ ఆమె వేళ్లు తగులుతాయి.

దుకాణంలో యువకుడు స్పీకర్లను అట్టపెట్టెల్లో సర్దుతూ, వంగి, అటువైపు తిరిగి ఏదో అడిగాడు. నాకు వినపడలేదు.

"మొఖం ఇటు చేసి చెప్పు నాయనా," అన్నాను.

అతను పని ఆపి, లేచి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఇంట్ల ఎక్కడ పెట్టాలె మేడం?"

"ఒకటి ఎక్కడ పెట్టినా సరే. ఎడమది మాత్రం నా కుర్చీ పక్కన పెట్టించు. చెయ్యి అందాలి."