ఒక్క సిలిండర్‌కు సరిపడే పలక

పెళ్లయిన కొత్తలో నా పని ఏమిటో అత్తగారింట్లో చెప్పడానికి తంటాలు పడ్డాను. వాళ్లు గద్వాలలో చీరలు నేసేవాళ్లు. మాది ఇటిక్యాల దగ్గర వానను నమ్ముకున్న సేద్యం. ఒక కరువు ఏడాది ఊరి కూలీలతో కలిసి విశాఖపట్నం ఓడరేవు పనికి పోయాను. అక్కడ రాళ్లు మోస్తూ మోస్తూ, నీళ్లలో దిగి పనిచేసేవాళ్ల జట్టులో చేరి డైవింగ్ నేర్చుకున్నాను. కొన్నేళ్లకు వాళ్లు వదిలేసిన పాత సామాను పట్టుకుని ఇంటికి వచ్చేశాను. కృష్ణలోనో తుంగభద్రలోనో రైతు మోటారు మునిగిపోతే వెతికి తీయడం, పైపుల మూతికి పట్టుకున్న చెత్త కోయడం నా పని. ఈ చుట్టుపక్కల అలాంటి పని చేసేవాడు ఇంకొకడు లేడు కనుక కబురు వస్తూనే ఉండేది.

నేను దిగినప్పుడు తాడు పట్టుకోవడానికి మొదట్లో ఎవరో ఒకరిని పిలిచేవాణ్ని. వాళ్లు బీడీ కాల్చుకుంటూ తాడు సంగతి మర్చిపోయేవారు. అది చూసి నా భార్య తానే వస్తానంది. మగ్గం మీద ఆరితేరిన చేతులు, పోగు కాస్త బిగిసినా తెలిసిపోతుంది. ఆమె పట్టుకుంటే తాడు అవతల ఒక మనిషి ఉన్నాడని నాకు నీళ్లలో కూడా తెలిసేది.

ఆ ఎండాకాలం మా ఊరి దగ్గరే ఒక రైతు మోటారు తెప్పతో సహా కృష్ణలో మునిగింది. ఆమె, రైతు పడవలో ఉండగా నేను దిగాను. అడుగున బురద, చేయి కనిపించదు. తడుముకుంటూ పోతుంటే ఎప్పుడో మునిగిన తుమ్మ మోడు వీపున తగిలింది. వీపు మీది సంగతి కొంచెం చెప్పాలి. ఊపిరికి గాలి నింపిన సిలిండర్‌ను మోయడానికి వీపుకు ఒక లోహపు పలక కట్టుకుంటాం. పలకకూ సిలిండర్‌కూ మధ్య గాలి నింపే సంచి ఉంటుంది. పైకి రావాలంటే అందులోకి గాలి వదులుతాం. తుమ్మముల్లు ఆ సంచిని చీల్చేసింది. నేను మీట నొక్కుతున్నాను, గాలి బుడబుడమంటూ చెవి పక్కనుంచి పోతోంది, నేను మాత్రం అక్కడే ఉన్నాను.

కాళ్లు కొట్టాను. మూరెడు లేచి మళ్లీ బురదలో కూలబడ్డాను. నా పలక రెండు సిలిండర్ల కోసం చేసిన మందపాటి స్టీలుది. దానికి ఒంటి సిలిండర్ కుదరదు కాబట్టి మధ్యలో ఒక ఇనుప దిమ్మ బిగించి తగిలించుకున్నాను. సిలిండర్ ఎప్పుడూ ఒక పక్కకు దొర్లేది. ఆ రోజూ దొర్లి ఎడమ భుజాన్ని బురదలోకి నొక్కింది. నడుముకు సీసపు బరువులు ఉంటే వాటిని విప్పి పారేసేవాణ్ని. అవి లేవు. బరువంతా పలకలోనే ఉంది. పట్టీ మెలిపడి బకిల్ చేతికి అందలేదు. చివరికి తాడు గట్టిగా గుంజాను.

ఆమె, ఆ రైతు కలిసి లాగారు. పడవ అంచు పట్టుకుని మొహం మీది అద్దం తీశాను. రైతు నా వీపు నిమురుతూ, "తమ్మీ, మోటరు పోతే పోనీ. పానం కన్న ఎక్కువనా?" అన్నాడు. ఆమె తాడు చుట్టి భుజాన వేసుకుంది. ఇంటికి వచ్చి నాకు అన్నం పెట్టాక అడిగింది.

"ఆ సంచిల గాలి లేకుంటే నువ్వు నీ అంతట పైకి రాలేవా?"

"రావొచ్చు. ఈ పలకతోని కష్టం."

"మరి గా పలక ఎందుకు కట్టుకుంటున్నవ్?"

"అప్పటిసంది ఉన్నది గదా."

"ఇయ్యాల నేనుంటి కాబట్టి గుంజిన. రేపు తాడు దేనికన్న సుట్టుకుంటెనో? నువ్వే వస్తవంటెనే నేను తాడు పడత. లేకుంటే ఈ పని ఇడిసిపెట్టు."

మర్నాడు విశాఖపట్నంలో నాకు పని నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేశాను. జరిగింది చెబితే ఆయన తిట్టడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, అది చలి సముద్రంలో, మందపాటి రబ్బరు సూటు వేసుకుని, రెండు సిలిండర్లతో దిగేవాడిదిరా. ఆ సూటు తేలిపోతుంది, ఉప్పునీరు తేలుస్తుంది, అందుకని అంత బరువు. నువ్వేం వేసుకుని దిగుతున్నావు?"

"కాటన్ చొక్కా."

"మంచినీళ్లలో కాటన్ చొక్కాతో ఆ ఇనుమా! నీ సిలిండర్ కూడా స్టీలుదే కదా? ఇంకేం, రాయి కట్టుకుని దూకినట్టే. రెండు పలకలు బస్సులో వేస్తాను. నీళ్లలో చూసుకుని ఒకటి ఉంచుకో, రెండోది తిప్పి పంపు. దిమ్మ అక్కర్లేదు, రెండిటికీ సిలిండర్ పట్టీలు దూర్చే కంతలున్నాయి."

పలకలు వచ్చాయి. ఒకటి పల్చటి స్టీలు, ఒకటి అల్యూమినియం. నదిలో పరీక్ష పెట్టే ధైర్యం నాకు లేదు. నా భార్య మేనత్తకు లింగాలలో చేను ఉంది. ఆ చేనులో మెట్ల బావి, లోతైనదే, నీళ్లు అద్దంలా ఉండేవి. సామాను బస్సు మీద వేసుకుని ఇద్దరం వెళ్లాం. అత్త మమ్మల్ని కిందికీ మీదికీ చూసింది.

"మంచిదే అల్లుడా, దిగు. మేం తాగే నీళ్లు, సబ్బు గిబ్బు రుద్దకు."

మొదట పాత పలకతోనే దిగాను. సిలిండర్ నిండుగా ఉంది, సంచి ఖాళీగా ఉంది. శుభ్రమైన నీళ్లలో కూడా అదే తంతు. కాళ్లు కొట్టీ కొట్టీ సగం దాకా వచ్చి ఆగిపోయాను, ఆమె లాగింది. పల్చటి స్టీలుతో పైకి రాగలిగాను గానీ వచ్చేసరికి రొప్పుతున్నాను. పైగా అది పొడుగుమనిషిది. కింది అంచు నడుము కింద ఎముకకు గుచ్చుకుంది. తల ఎత్తితే సిలిండర్ మూతి నెత్తికి తగిలింది.

అల్యూమినియం పలక పొట్టిది, నా వీపుకు సరిగ్గా అమరింది. పట్టీలు నేరుగా పలకలోంచే పోవడం వల్ల సిలిండర్ వెన్నుకు అతుక్కుని ఉంది. అటూ ఇటూ ఒరిగి చూశాను, దొర్లలేదు. అడుగుకు పోయి కూర్చున్నాను. పైన గుండ్రంగా వెలుతురు, దాని అంచున ఆమె తల కనిపిస్తున్నాయి. సంచి మీట ముట్టుకోకుండా కాళ్లు కదిపాను. బరువు తెలుస్తూనే ఉంది, కానీ అది నా మాట వింటోంది. మెట్లు ఒకటొకటే కిందికి జారిపోయాయి. నీళ్ల మీదికి తల వచ్చింది.

"తాడు నేను గుంజలే," అంది ఆమె. "వదులుగనే పట్టుకున్న."

"తెలుసు."

"మళ్ల దిగు."

మళ్లీ దిగాను, మళ్లీ వచ్చాను. ఇంకో పరీక్ష మిగిలింది. గాలి అయిపోవచ్చే కొద్దీ సిలిండర్ తేలికవుతుంది. పలక మరీ తేలికైతే చివర్లో మనిషి అడుగున నిలవలేక పైకి తేలిపోతాడు. అందుకని గాలి చాలావరకు వదిలేసి, మెట్టు పట్టుకోకుండా పైనీళ్లలో నిలబడి చూశాను. తేలలేదు. ఎప్పుడైనా బరువు కావలసివస్తే నడుముకు సీసం కట్టుకోవచ్చు, ప్రాణం మీదికి వస్తే విప్పేయవచ్చు. ఇన్నాళ్లూ నా దగ్గర లేనిది అదే.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఒళ్లంతా వదులైపోయింది. ఆమె పలకను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "గింతేనా? దీన్ని నేనే మోస్త," అని చేను గట్టు మీదుగా మోసుకుపోయింది. అత్త జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. ఆకలి ఎంతగా ఉందో తినడం మొదలుపెట్టాకే తెలిసింది.

వరద అలంపూర్‌ను ముంచేసిన ఏడాది నీళ్లు తగ్గిన తర్వాత తుంగభద్ర ఒడ్డు రైతులు మోటార్ల కోసం పిలిచారు. కొత్త పలకతో అప్పటికి చాలాసార్లు దిగాను గానీ అంత బురదనీళ్లలో అదే మొదటిసారి. ఆమె పడవలో కూర్చుంది. అడుగున ఇసుక మేటలో మోటారు దొరికింది, గొలుసు తగిలించాను, కాళ్లు కొట్టుకుంటూ వచ్చేశాను. ఒడ్డున పదిమంది గొలుసు లాగుతూ కేకలు పెడుతున్నారు. ఆమె తాడు చుట్టుకుంటూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది, నా వైపు చూడనేలేదు.

గద్వాల బస్సులో సీటు దొరికింది. ఊరు దాటకముందే ఆమె నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే, లేపొద్దని చేత్తో సైగ చేసి ఇద్దరికీ నేనే తీసుకున్నాను.