గంప బోర్లించిన మునెమ్మక్క

ఆరో తరగతి నాకు ఎంత నచ్చిందంటే రెండేళ్ళు అందులోనే ఉండిపోయాను. మూడో ఏడు కూడా ఉందామనుకున్నాను గానీ, మేష్టరే మా నాయనను పిలిపించి, "వీడికి మీ టమాటా చేనే నయమయ్యా" అని దండం పెట్టినంత పని చేశాడు. అలాంటి నేను ఇప్పుడు కాగితం, కలం పట్టుకుని కూర్చోవడానికి కారణం ఒక చప్పుడు. మొన్న తిరుపతిలో, మా వీధిలోకి కూరగాయలమ్మే ఒకామె వచ్చింది. గోనెపట్టా పరిచి గంపెడు వంకాయలు ఒక్కసారిగా బోర్లించింది. దడదడమని అవి దొర్లిన చప్పుడుకు నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను, మునెమ్మక్క ఎదురుగా వచ్చినట్టు.

మునెమ్మక్కకు పుత్తూరు పక్కన రెండెకరాల వంకాయ తోట, ఒక బావి ఉండేవి. మా చేను ఆమె తోటకు ఆనుకునే ఉండేది. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు మాట ఇది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. అప్పట్లో మా ఊళ్ళ కూరగాయలన్నీ మండీకే పోవాలి. అక్కడ దళారి చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని కొనేవాడితో బేరం తేల్చేవాడు. మన సరుకు ఎంతకు పోయిందో మనకే తెలియదు. పైగా తూకంలో తరుగు అని ఇంత తీసేసేవాడు. దానికి విరుగుడుగా మేమంతా గంప అడుగున పుచ్చువీ పగిలినవీ వేసి, పైన నిగనిగలాడేవి పేర్చేవాళ్ళం. అందుకు సిగ్గుపడినవాడిని నేను చూడలేదు. దుక్కి దున్నడం, నీళ్ళు కట్టడం లాగా అదీ ఒక పనే అనుకునేవాళ్ళం.

"పగలంతా ఎండలో పండించి, వాడి తువ్వాలు కింద చీకట్లో అమ్ముకునేదేందబ్బా?" అంటూ మునెమ్మక్క ఊరూరా తిరిగి, కొనేవాళ్ళకు మనమే నేరుగా అమ్ముకునే సంత పెడదామని ముప్పై కుటుంబాలను కూడగట్టింది. పంచాయతీ ప్రెసిడెంటు బస్టాండు పక్క ఖాళీ స్థలం ఇచ్చాడు గానీ, ఒక మెలిక పెట్టాడు. నాలుగు శుక్రవారాల్లో సంత నిలదొక్కుకోవాలి, లేదంటే ఖాళీ చేయాలి. మండీ దళారి ఇంకో మెలిక పెట్టాడు. సంతకు పోయినవాళ్ళు తిరిగొస్తే వాళ్ళ గంప దించుకోనన్నాడు. అంటే సంత పోతే మా పంట చేలోనే కుళ్ళాలి.

నా గొంతు పెద్దదని కేక వేసే పని నాకిచ్చింది అక్క. మొదటి శుక్రవారం నా కేకలకు బస్సు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చారు. రెండో శుక్రవారం సగం మందే వచ్చారు. వచ్చినవాళ్ళలో ఒక పంతులమ్మ సంచీ తీసి, కిందటి వారం నేనమ్మిన టమాటాల్లో పగిలి నీరుకారినవన్నీ నా కాళ్ళ దగ్గర కుమ్మరించింది. "ఇవి మీ ఇంట్లో చారు పెట్టుకో నాయనా" అని వెళ్ళిపోయింది.

మునెమ్మక్క నా వైపు చూసింది. నేను నవ్వేయబోయాను. "ఏం జేసేదక్కా, చేతికి అలవాటు."

"ఈడ తరుగు యాడుండాదిరా? నీ నుంచి ఎవరు తీసినారు?" అంది. "మండీని ఆడనే ఇడిసిపెట్టి రమ్మంటే, గంప అడుగున పెట్టుకోని ఈడికి మోసుకొచ్చినావే!"

నేను ఎప్పుడూ మాటకు మాట తడుముకోని వాడిని. ఆ రోజు మాత్రం వంగి, నా పగిలిన టమాటాలు నేనే ఏరుకున్నాను.

మూడో శుక్రవారం అక్క కొత్త కట్టడి పెట్టింది. ఎవరైనా సరే కొనేవాళ్ళ ముందే గంప బోర్లించాలి. మావాళ్ళు గొణిగారు. "ముందు నాదే సూడండి" అని అక్క తన వంకాయల గంప ఎత్తి పట్టా మీద బోర్లించింది. అన్నిటికంటే పైకి తేలినవి ఏడెనిమిది పుచ్చు వంకాయలు! గంప నింపింది ఆమె మొగుడు. ఆయన చేతిదీ మా చేతి అలవాటే. ఆయన నెమ్మదిగా ఒక బస్సు వెనక్కి జరిగాడు. అక్క మొహం కందగడ్డ అయింది. అయినా అక్కడే కూర్చుని, అందరూ చూస్తుండగా పుచ్చువి ఒక్కొక్కటే ఏరి పక్కన కట్టేసిన మా బండెద్దుకు వేసింది. నాకు ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది.

"రాండమ్మా రాండి! గంప బోర్లించినాం! పుచ్చుంటే మా ఎద్దుకు, మంచివి మీకు! ఇంకా పుచ్చు కనపడితే నా మొహాన కొట్టండి, ఎట్లాగూ అది సక్కంగా లేదు!"

జనం నవ్వారు. నవ్వినవాళ్ళు దగ్గరికొచ్చారు, వచ్చినవాళ్ళు కొన్నారు.

నాలుగో శుక్రవారం నగరి నుంచి నేతగాళ్ళ కుటుంబాలు బస్సెక్కి వచ్చాయి. పంతులమ్మ ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, నా టమాటాలు తానే బోర్లించి, రెండు సంచులు నింపుకుంది. పొద్దున తొమ్మిది కొట్టేసరికి సరుకంతా అమ్ముడైపోయి పట్టాలు దులుపుకున్నాం. పరీక్ష చూద్దామని తీరిగ్గా వచ్చిన ప్రెసిడెంటుకు దొరికింది ఒక కట్ట కరివేపాకు. "స్థలం మీదేలేమ్మా. వచ్చే వారం నాకు కొన్ని వంకాయలు దాచిపెట్టు" అన్నాడు. రెండు నెలలకు మండీ దళారే సరుకు కొనడానికి దారి వెతుక్కుంటూ వచ్చాడు. మునెమ్మక్క అతనికి నేల మీది గోనెపట్టా చూపించి, "అందరి మాదిరే బోర్లించి సూసుకో అబ్బా. తువ్వాలు మాత్రం భుజాన్నే ఉండనీ" అంది. ఆ రోజు మేం నవ్విన నవ్వుకు బస్టాండులో కండక్టర్లు కూడా తిరిగి చూశారు.

తర్వాత నేను చాలా పనులు చేశాను. ఏ పనిలోనైనా పైన పేర్చినది చూసి మురిసిపోబోయేటప్పుడు చెయ్యి దానంతట అదే అడుగుకు పోతుంది. ఈ నాలుగు మాటలు రాసేటప్పుడు కూడా పోయింది. లేకుంటే నా పగిలిన టమాటాల సంగతి మీకెందుకు చెబుతాను?

సంత పెద్దదయ్యాక ఒకరోజు అక్క వంకాయలు ఏరుతుంటే పక్కన చేరి, కాలరెగరేసి అడిగాను. "నిజం చెప్పక్కా, ఈ సంత నిలబడింది నా గొంతు వల్లనే గదా?"

ఆమె తలెత్తలేదు. "నీ అరుపుకు ఒకసారి వచ్చినార్రా, కాదన్లేదు. రెండోసారి ఎందుకొచ్చినారో ఈ గంపనడుగు."