బొట్టు పెట్టిన లేత్

గజేందర్‌ది జగిత్యాల దగ్గర పల్లె, లేత్ మిషన్ మీద ఇనుము తిప్పి చెక్కే టర్నర్ పని. గల్ఫ్‌లో స్టేడియం పనులు ముగిసి కంపెనీ తోటివాళ్ళందరినీ ఇంటికి పంపేశాక, అతనొక్కడే ఉమ్ సలాల్‌లో పాత వేట తుపాకులు బాగుచేసే షెడ్డులో కుదిరాడు. అక్కడ తెలుగు వచ్చినవాడు ఇంకొకడు లేడు.

ఒకరోజు యజమాని సెకండ్‌హ్యాండ్ లేత్ చూసి తెమ్మన్నాడు. గజేందర్ తుపాకీ గొట్టమంత లావున్న పైపు చంకన పెట్టుకుని పాత మిషన్ల గోదాముకు వెళ్ళాడు. గొట్టం లేత్‌లో తిరిగే స్పిండిల్ నడిమి రంధ్రంలో దూరి వెనకవైపు బయటికి రావాలి. లేకపోతే ముందుకు పొడుగ్గా వేలాడి, తిరిగేటప్పుడు ఊగుతుంది. రంగు చూసి మిషన్ కొనే వాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

మూడో మిషన్ మీద గ్రీజు తుడవగానే కుంకుమ బొట్టు కనిపించింది. నంబర్ ప్లేటు సందులో ఎండిన జమ్మి ఆకు. దసరాకు మనవాడెవడో ఈ ఎడారిలో జమ్మిచెట్టు వెతుక్కుని మరీ పూజ చేశాడు.

"దీన్ని నడిపినాయన ఏడి?" అని గోదాము పఠాన్‌ను హిందీలో అడిగాడు.

"ఖలాస్. ఘర్ గయా." పనైపోయి ఇంటికి వెళ్ళిపోయాడట.

పైపు పెట్టి చూశాడు. దూరలేదు. తిప్పి రెండో కొసతో కూడా చూశాడు, ఫలితం తెలిసి కూడా. పక్క మిషన్‌లో సాఫీగా దూరింది. దాన్నే లారీ ఎక్కించమన్నాడు.

గేటుదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, బొట్టు పక్కన చెయ్యి వేశాడు.

"ఏమనుకోకు తమ్మీ. నీ తప్పేం లేదు. ఈ పనికి నువ్వు సరిపోవు, గంతే."

ఫోన్‌లో కాకుండా, ఎదురుగా నిలబడి అతను తెలుగులో మాట్లాడటం, తోటివాళ్ళు వెళ్ళిపోయిన ఈ ఏడు నెలల్లో అదే మొదటిసారి.