మిర్చి తోటకు ఫోన్ చెప్పిన మందు

మా అన్న కాలు విరిగిన రోజుల్లోనే మా పుట్టింట్లోకి కృత్రిమ మేధ అడుగుపెట్టింది. తీసుకెళ్లింది నేనే. నేను జనగామలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గని ఉద్యోగి, వారానికోసారి ఇంటికి వస్తాడు. ప్రశ్నపత్రాలు తయారు చేసుకోవడానికీ, ఆయన లేని ఆరు రోజులు ఎవరితోనైనా వాదించడానికీ ఫోన్‌లోని ఆ మేధ నాకు బాగా అలవాటైంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను ఎంత విసుక్కున్నా అది తిరిగి విసుక్కోదు. ఆ ఒక్క గుణానికే నాకు నచ్చింది.

అన్నది మానుకోట దగ్గర పల్లె. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. తోట పూతకు వస్తున్న సమయంలో బురదలో బండి జారి పడి చీలమండ దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో సిమెంటు కట్టు వేసి, ఇంగ్లీషులో రాసిన కాగితం చేతికిచ్చారు. అందులో ఏముందో అడగడానికి మా అన్నకు భయం. కాలు తీసేస్తారని తనకు తానే తేల్చుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆదివారం పొద్దున రైలెక్కి వెళ్లాను. ఆ కాగితాన్ని ఫొటో తీసి, దీంట్లో ఏముందో తెలుగులో చెప్పమని ఫోన్‌ను అడిగాను. ఎముక చిట్లింది గానీ పక్కకు జరగలేదనీ, ఆరు వారాలు కాలు మీద బరువు మోపకూడదనీ, వేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే డాక్టరును కలవాలనీ ఒక ఆడగొంతు తీరిగ్గా చదివింది. మరునాడు డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయనా అదే చెప్పాడు. అన్న మాత్రం అంతదాకా ఆగలేదు. ఆ గొంతు వినగానే కంచం అడిగాడు.

"గీ ఆమె మంచిగ చెప్తాంది చెల్లె. నా ఫోన్ల గుడ ఎక్కియ్యి" అన్నాడు.

ఎక్కించాను. ఇక మంచంలో పడుకున్న మనిషికి పొద్దుగడవడం ఏమంత కష్టం కాలేదు. మిర్చి ధర ఎట్లుంటుంది, కట్టు లోపల దురద పెడితే ఏం చెయ్యాలి, కోడి గుడ్లను ఎన్ని రోజులు పొదుగుతుంది, అన్నీ దాన్నే అడిగేవాడు. కోడి సంగతి అతనికి తెలియక కాదు, దానికి తెలుసో లేదో చూద్దామని. అది సరిగ్గా చెప్పినప్పుడల్లా నాకు ఫోన్ చేసి మెచ్చుకునేవాడు. చదువు చెప్పించి టీచర్ని చేసిన చెల్లెలిని మాత్రం అన్నిసార్లు మెచ్చుకున్న గుర్తు లేదు.

తోట పనంతా వదిన మీద పడింది. వదిన ఐదో తరగతి దాకా చదువుకుంది. మాట తక్కువ. తెల్లారకముందే చేనుకు వెళ్లి, పొద్దెక్కాక వచ్చి వంట చేసి, మళ్లీ వెళ్లేది. అన్న మంచంలోంచి "నీళ్లు పెట్టాల్నట" అని ఫోన్ మాట చెబితే, "పెట్టిన" అనేది. అంతే.

పూత మీదున్న తోటలో ఆకు ముడుచుకుంటోందని ఒకరోజు అన్న కంగారుగా ఫోన్ చేశాడు. కిందటేడు పక్క చేనతను ఇలాంటి ముడతకే పనికిరాని మందు కొట్టాడు. పురుగు చావలేదు, పది రోజుల్లో పూతంతా రాలి తోట ఎండిపోయింది. ఇప్పుడు మా అన్నకూ అదే గండం. ఏ మందు కొట్టాలో ముందుగానే సరిగ్గా తెలియాలి. తెలియకపోతే ఏడాది రెక్కల కష్టం పోయినట్టే.

ఆ ఆదివారం నేరుగా చేనుకే వెళ్లాను. వదిన అవతలి గట్టున నీళ్లు కడుతోంది. పిలవాలని కూడా నాకు తోచలేదు. ఒక ఆకు తెంపి అరచేతిలో పెట్టుకున్నాను. ముడుచుకున్న ఆకు కదా, చేతిలో నిలవకుండా ఊగుతోంది. బోర్లా పెడితే కుదురుగా కూర్చుంది. ఫొటో తీశాను. అది ఆకు రసం పీల్చే నల్లి అనీ, ఫలానా మందు కొట్టమనీ ఫోన్ ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. కొట్లో ఆ పేరు చెప్పగానే డబ్బా చేతిలో పెట్టారు. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను.

వదిన వచ్చి కాళ్లు కడుక్కుంటూ డబ్బా చూసింది.

"గిది నల్లి మందు గదా?"

"అవును. తోటకు నల్లే వచ్చింది" అన్నాను.

"నల్లొస్తె ఆకు కిందికి ముడుసుకుంటది. మనది మీదికి ముడుసుకుంది. గది తామర పురుగు."

నేను ఫోన్ తీసి ఫొటో చూపించాను. "ఇదిగో, కిందికే ఉంది కదా."

వదిన తడిచేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ దగ్గరికి జరిగి చూసింది. "ఆకును బోర్లేసి తీసినవ్" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. తప్పు చేసినందుకు కాదు, అన్న ముందు ఆ మాట అన్నందుకు. అన్న నా పక్షమే తీసుకున్నాడు. నా పక్షమంటే నాది కాదు, ఫోన్ పక్షం.

"నా కాలు సంగతి గామెనే చెప్పింది. తప్పయిందా? గిది మాత్రం తప్పెట్లయితది?"

వదిన డబ్బా తీసుకెళ్లి గడప అవతల పెట్టింది. "గీ మందు కొడితె ఆ పురుగు సావది. ఇంకో మందు తెచ్చేసరికి తోట ఉండది. నువ్వు మంచంల ఉన్నవ్, నీకు కనపడది. నేను రోజు చూడాలె" అంది అన్నతో. తర్వాత నా వైపు తిరిగి, "నాతోటి రా, చూపిస్త" అంది.

ఆమె ముందు నడుస్తుంటే నేను మూతి ముడుచుకుని వెనక నడిచాను. చేలో వదిన ఒక పువ్వును అరచేతి మీద వంచి మెల్లగా తట్టింది. సన్నగా, పసుపుపచ్చగా నాలుగైదు పురుగులు రాలి చేతి మీద పాకాయి. తర్వాత కొమ్మకున్న ఆకును తెంపకుండానే చూపించింది. అంచులు రెండూ పైకి లేచి దోనెలా ఉంది. నేను దాన్నే బోర్లా వేసి, అంచులు కిందికి ఉన్నట్టు ఫోన్‌కు చూపించాను. ఆకు పైభాగం ఏది, కింది భాగం ఏది అని ఏటా పిల్లలకు బొమ్మ వేసి చెప్పేది నేనే. అది తలచుకోగానే నవ్వాగలేదు. నేను నవ్వాక వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఫోన్ తియ్యి, దాన్ని గుడ అడుగుదం" అంది. ఆకునూ పువ్వునూ చెట్టుకే ఉంచి ఫొటో తీశాను. ఫోన్ క్షమించమంది. ఇది తామర పురుగేననీ, ముందటి ఫొటోలో ఆకు తిరగబడి ఉండవచ్చనీ, మందు కొనేముందు దగ్గరలోని వ్యవసాయ అధికారిని అడగమనీ చెప్పింది. ఆకు ఏ వైపు పెట్టావని ముందే అడగొచ్చు కదా అని దాని మీద అరిచాను. దానికేం, మళ్లీ క్షమించమంది. చూపించినదాన్ని బట్టి అది చెప్పింది. చూపించడం నాకు రాలేదు. అనుమానం అడిగి తీర్చుకోవడం దానికి రాలేదు. ఈ రెండింటి మధ్యా ఒక తోట పోయేది.

"ఇంత తెలిసినదానివి, ముందే ఎందుకు చెప్పలేదు వదినా?" అన్నాను.

"ఆకు ముడుసుకుంటాందని మీ అన్నకు చెప్పిన. ఆయన ఫోన్ను అడిగిండు. నన్ను ఎవలడిగిండ్రు?"

కోపంగా అనలేదు ఆ మాట. ఉన్నది ఉన్నట్టు అంది. అప్పటికి నెల రోజులుగా నేనూ అన్నా ఆ ఫోన్‌ను అడగని ప్రశ్న లేదు. చెట్టు చెట్టునూ చేత్తో తాకుతున్న మనిషిని ఒక్కటీ అడగలేదు. నాకు చాలా సిగ్గేసింది. తప్పయిందని ఆ గట్టు మీదే వదినతో చెప్పాను. వదిన "గంతదానికేంది" అని ముందుకు నడిచింది.

మరునాడు బడికి సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. వ్యవసాయ అధికారి కూడా తామర పురుగే అన్నాడు. వదిన డబ్బా మార్చి సరైన మందు తెచ్చి, కూలి మనిషిని పెట్టి కొట్టించింది. రెండు వారాల్లో చిగుర్లు సాఫుగా వచ్చాయి. తోట నిలబడింది.

ఫోన్‌ను మేమెవరం వదిలిపెట్టలేదు. నా ప్రశ్నపత్రాలు ఇప్పటికీ అదే రాస్తుంది, నేను దిద్దుకుంటాను. మందు కొట్టే ముందు వాన వస్తుందా అని వదిన కూడా దాన్ని అడుగుతుంది. అడిగాక ఒకసారి వాకిట్లోకి వచ్చి మబ్బు కూడా చూసుకుంటుంది.

అన్న కట్టు విప్పాక ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. కిందటేడు తోట పోగొట్టుకున్న పక్క చేనతను అంగీ జేబులో ఒక మిర్చి ఆకు పెట్టుకుని వచ్చాడు.

"తమ్మీ, నీ ఫోన్ల ఆమెను జర అడుగు, గిదేం రోగమో."

అన్న అలవాటుగా ఫోన్ తీశాడు. దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"జర కూసో అన్న. తోటల ఉంది, వస్తది."

"ఎవలు?"

"మా ఇంటామె. ఆమెనే అడుగుదం" అన్నాడు అన్న.

నేను లోపలికి వెళ్లి చాయ్ పెట్టాను. వాళ్లిద్దరూ ఆ ఆకును ముందు పెట్టుకుని, వదిన వచ్చేదాకా అరగంట సేపు అక్కడే కూర్చున్నారు.