మధ్యలో మాట లేని క్యాసెట్టు

క్యాసెట్టు బాబాయి దుకాణం బస్టాండు వెనక సందులో, మెట్ల కింద ఇరుక్కున్న గది. ఒక మనిషి లోపల నిలబడితే రెండో మనిషి వీధిలో నిలబడాల్సిందే. పాత దశాబ్దాల రాక్ పాటలు, పాప్ పాటలు ఏరి, దశాబ్దానికో క్యాసెట్టు చొప్పున కూర్చి అమ్మడం ఆయన పని. జుట్టు భుజాల దాకా పెంచి గొంతు చించుకునే గాయకులు, డ్రమ్ముల మీద కక్ష తీర్చుకునేవాళ్లు, అర్థం తెలియకపోయినా కుర్రకారు సందు చివరి దాకా ఈల వేసుకుంటూ పోయే వరసలు, అన్నీ ఆయన దగ్గర దొరికేవి. క్యాసెట్ల కాలం పోయాక అవే పాటలు సీడీల మీదికి ఎక్కించాడు, అవీ పోయాక వేలెడంత పెన్‌డ్రైవుల్లోకి. ఇప్పుడు అదీ ఎవరూ అడగడం లేదు. అయినా పొద్దున్నే వెళ్లి షట్టరు ఎత్తుతాడు. ఎత్తకపోతే ఆ పూట ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు.

పాటలు ఊళ్లో మిగతావాళ్ల దగ్గర కూడా దొరికేవి. బాబాయి క్యాసెట్టు కోసం జనం ఎందుకు చెవి కోసుకునేవారంటే, పాటకీ పాటకీ మధ్య శుభ్రత. రేడియో వాళ్ల మాట ఉండదు, ఈలలుండవు, గరగరలుండవు. ఒక పాట ఆగుతుంది, మూడు అంకెలు లెక్కపెట్టేంత నిశ్శబ్దం, రెండో పాట మొదలవుతుంది. "బాబాయి క్యాసెట్టులో చీమ చిటుక్కుమనదు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. అంతకు మించి సంతోషం చూపించడం ఆయనకు చేతకాదు.

ఆ పాటల్లో సగం రేడియోలోంచి పట్టింది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య. మధ్యాహ్నాలు రేడియోలో మంచి పాటలు వచ్చే వేళకు ఆయన దుకాణంలో ఉండేవాడు. ఆమె ఇంట్లో కిటికీ దగ్గర రేడియో పెట్టి, దాని ముందు మైకు నిలబెట్టి, మీట నొక్కేది. పాటల పేర్లు రాయడం ఆమెకు రాదు. అందుకని ప్రతి పాటకు ముందు తన నోటితోనే గుర్తు చెప్పేది.

"ఏమండీ, ఇదిగో మీ డ్రమ్ములాయన. మొదట్లో కాస్త గరగర ఉంది. మబ్బు పట్టింది, నేనేం చెయ్యను?"

"ఈయన ఎవరో పాపం, అప్పుడే నిద్ర లేచినట్టున్నాడు. మొహం కడుక్కుని పాడమనకూడదూ."

"ఇది మొన్నటిదే. నాకు నచ్చి మళ్లీ పట్టాను. నా కోసం ఉంచండి."

సాయంత్రం బాబాయి ఆ మాటలన్నీ వినేవాడు. వినేవాడంటే, పాట ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి వినేవాడు. పాటను ఇంకో క్యాసెట్టులోకి ఎక్కించుకుని, ఆమె మాట దగ్గర కత్తిరించేసేవాడు. ఖాళీ అయిన క్యాసెట్టు మర్నాడు మళ్లీ ఆమె చేతికే వెళ్లేది. ఆమె మాట మీద ఆమె మాటే పడేది. తన కోసం ఉంచమన్నది కూడా అలాగే పోయింది. ఆయన దుర్మార్గుడేమీ కాదు. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే మనిషి మాట దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉండి స్వయంగా పట్టేవాడు. అప్పుడు ఇల్లంతా కట్టడి. కుళాయి విప్పకూడదు, గిన్నె కదపకూడదు, తలుపు గొళ్లెం ముట్టుకోకూడదు. ఆయన పెదవుల మీద వేలు పెడితే ఆమె ఎక్కడున్నది అక్కడే నిలబడిపోయేది. పసిపిల్లగా ఉన్న కూతురు కూడా ఆ వేలు చూసి ఏడుపు మింగడం నేర్చుకుంది.

మొన్న వానాకాలంలో ఆమెకు గొంతు బొంగురుపోయింది. పడిశం అనుకున్నారు. కషాయాలు తాగింది, మాత్రలు మింగింది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి గొంతులో లేవకూడని గడ్డ లేచి ఉంది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు తీసేశారు. మెడ కింద ఒక రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఇప్పుడు అన్నానికి రమ్మనాలంటే కంచం మీద గరిటెతో కొడుతుంది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఒక చిన్న యంత్రం ఇచ్చింది. బొమ్మలు నొక్కితే అది మాట్లాడుతుంది. భార్య మొదటిసారి నొక్కినప్పుడు అది "ఏమండీ" అంది. వార్తలు చదివే మనిషి గొంతు. పరాయి ఆడమనిషి తన ఇంట్లో కూర్చుని తనను పిలిచినట్టయింది బాబాయికి. ఆయన మొహం చూసి ఆమె యంత్రాన్ని బీరువాలో చీరల కింద పెట్టేసింది. మళ్లీ తియ్యలేదు.

"ఈ గొంతే ఉండక్కర్లేదు నాన్నా," అంది కూతురు, ఆసుపత్రి అమ్మాయి చెప్పింది విని వచ్చి. "అమ్మ పాత మాటలు కొన్ని నిమిషాలు దొరికితే చాలట. యంత్రం అమ్మ గొంతుతోనే మాట్లాడుతుందట."

"నీ ఫోనులో లేవూ?"

"ఉన్నవన్నీ గొంతు పోవడం మొదలయ్యాకవి. అంతకు ముందు ఫోను నీళ్లలో పడింది కదా. నువ్వు చూడు నాన్నా. జీవితమంతా రికార్డింగే చేశావు, నీ దగ్గర లేకుండా ఎలా పోతుంది?"

ఆ మాటతో ఆయనకు గంపెడాశ పుట్టింది. దుకాణం అరలన్నీ దించాడు. మెట్ల కింద గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో క్యాసెట్టూ జల్లెడ పట్టాడు. పాటలు వినలేదు, పాటల మధ్య విన్నాడు. ప్రతి మధ్యలోనూ మూడు అంకెల నిశ్శబ్దం, కడిగిన గాజులా ఉంది. ఎంత బాగా కత్తిరించానురా అని ఒకప్పుడు మురిసిపోయిన చోటల్లా ఇప్పుడు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. కూతురి పెళ్లి వీడియో తీశాడు. అందులో భార్య తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరితో నవ్వుతూ మాట్లాడుతోంది. పెదవులు కదులుతున్నాయి, వినిపించేది గిటారు. జనం గోల బాగోలేదని మొత్తం వీడియోకు పాత పాప్ పాటలు అతికించింది ఆయనే.

అమ్మిన క్యాసెట్ల కోసం ఊరు ఊరంతా కాళ్లరిగేలా తిరిగాడు. చాలామంది ఎప్పుడో పారేశారు. ఉన్నవాళ్లు అటక మీంచి తీసి ఇచ్చి, "ఒక్క ముక్క చెడలేదు బాబాయ్, ఎంత శుభ్రంగా ఉందో" అన్నారు. ఆయన తల ఊపి తీసుకున్నాడు. శుభ్రంగానే ఉన్నాయి, అన్నీ.

చివరికి మంగలి గుర్తొచ్చాడు. సందు మొదట్లో క్షౌరశాల పెట్టినప్పుడు బాబాయి అతనికి తన మొట్టమొదటి క్యాసెట్టు ఇచ్చాడు. అప్పటికి పెళ్లయి నెల కూడా కాలేదు. ఒక్కటే యంత్రం, ఎక్కించుకోవడానికి రెండోది లేదు. రేడియో నుంచి మైకుతో నేరుగా పట్టిందే ఇచ్చాడు. అంటే అందులో కత్తిరింపు లేదు. ఆ రోజుల్లో ఆమె పక్కనే చాప మీద కూర్చుని ఎడతెగకుండా మాట్లాడేది. ఒక్క మాటయినా పడి ఉంటుంది. పడి తీరాలి.

మంగలి ఎవరికో గడ్డం గీస్తూ, కత్తి ఆపకుండానే అద్దం కింద సొరుగు చూపించాడు. "తీసుకో బాబాయ్. ఇప్పటికీ అదే వేస్తాను. అది లేకపోతే నా కొట్టు మూగబోతుంది." అనేసి నాలుక కరుచుకున్నాడు. కత్తి ఆపి మెల్లగా అడిగాడు. "పిన్ని ఎలా ఉంది?"

"ఉంది," అన్నాడు బాబాయి.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటగదిలో గిన్నెలు తోముతోంది. కుళాయి ధారగా పడుతోంది, గిన్నెలు ఒకదానికొకటి తగులుతున్నాయి. ఆమెకు చెప్పలేదు. దొరికాక చెబుదామనుకున్నాడు. ముందు గదిలో పాత యంత్రం బల్ల మీద పెట్టి క్యాసెట్టు తోశాడు.

ఒక పక్క అంతా తిరిగింది. డ్రమ్ముల మోతలు, గొంతు చించుకునేవాళ్లు, దుకాణంలో దుమ్ముపట్టిన ఆయన యవ్వనం మొత్తం. మధ్యలో ఏమీ లేదు. అప్పట్లోనే, రేడియో వాళ్లు మాట్లాడబోయే ముందే మీట నొక్కి ఆపేసేవాడు. ఆ వయసులో ఎంత చురుగ్గా ఉండేవో వేళ్లు. తిప్పి రెండో పక్క వేశాడు. ఒక పాట, ఇంకో పాట. ఆయన నుదురు బల్లకు ఆనించి విన్నాడు.

చివరి పాట మొదట్లో గిటారు తీగ ఒకటి మెల్లగా మోగింది. దాని మీద, మైకుకు చాలా దగ్గరగా, పందొమ్మిదేళ్ల పిల్ల గొంతు.

"ఏమండీ, నాకు..."

"ష్."

అది ఆయన గొంతే. కోపంగా కూడా లేదు. పిల్లిని తోలినట్టు తోలాడు. ఆ తరవాత డ్రమ్ములు వచ్చిపడ్డాయి, గాయకుడు అందుకున్నాడు, పాట సాగిపోయింది. ఆమెకు ఏం కావలసి వచ్చిందో, ఏం నొప్పి చేసిందో, ఏం గుర్తొచ్చిందో క్యాసెట్టులో లేదు. పాట మధ్యలో గాజుల చప్పుడు కూడా లేదు. ఆ పిల్ల అంత బుద్ధిగా కూర్చుంది.

ఊరంతా వెతికితే దొరికింది ఆ రెండు మాటలు. ఆ రెండు మాటలతో ఏ యంత్రమూ మాట్లాడదని ఆయనకు తెలుసు. ఇంక వెతకడానికి చోటు లేదనీ తెలుసు. ఏడుపు వచ్చింది. ఏడుస్తుండగా ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్నట్టు తోచి తలెత్తాడు.

కుళాయి ఆగిపోయింది.

లేచి వంటగది గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె తొట్టి దగ్గర నిలబడి ఉంది. తోమిన గ్లాసు కింద పెడితే చప్పుడవుతుందని గుండెలకు ఆనించుకుని పట్టుకుంది. నీళ్లు జాకెట్టు మీద కారుతున్నాయి. ఆ "ష్" ఆమెకు వినపడింది.

"పెట్టెయ్యవే," అన్నాడు. "చప్పుడైనా ఫరవాలేదు. పెట్టెయ్యి."

ఆమె తల అడ్డంగా ఊపి, గడ్డంతో ముందు గది వైపు చూపించింది. పాట ఇంకా అయిపోలేదు. అయిపోయేదాకా ఆమె గ్లాసు కింద పెట్టలేదు.